మండువా లోగిలికి మళ్ళీ మనుషులు

గోదావరి డెల్టాలో తాళాలు పడ్డ పాత పెంకుటిళ్ళను సెలవుల విడిదులుగా మార్చుకుంటే అవి నిలుస్తాయి. బాగుచేసే పేరుతో మండువాను మూసేయకుండా ఉంటేనే.

పాత ఇంటికి ఖరీదు కట్టడానికి వచ్చినవాడు దాన్ని ఇల్లుగా చూడడు. వీధి అరుగు మీద నిలబడి స్తంభాలు లెక్కపెడతాడు. ద్వారబంధాన్ని గోటితో గీరి టేకో కాదో తేల్చుకుంటాడు. లోపలికి వెళ్ళి దూలాల పొడవు, మందం కళ్ళతోనే కొలుస్తాడు. ఘనపుటడుగు ఇంత అని మాట తెగితే బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత ఎంతో కాలం పట్టదు. తలుపులు, కిటికీలు, నగిషీ స్తంభాలు లారీ ఎక్కుతాయి. హైదరాబాద్ శివార్లలో ఏ ఫామ్‌హౌస్ ముందుగదిలోనో, ఏ హోటలు గుమ్మంలోనో తేలతాయి. ఊళ్ళో మిగిలేది మట్టిదిబ్బ, దాని పక్కన ఎవరూ తోడని నుయ్యి.

కోనసీమలోనూ, అటు పాలకొల్లు, నరసాపురం వైపూ ఈ బేరం ఏళ్ళ తరబడి నడుస్తోంది. అమ్మినవాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పెద్దవాళ్ళు పోయారు. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉన్నారు. తాళంచెవి పక్కింటి పిన్నిగారి దగ్గర ఉంటుంది. సంక్రాంతికి వచ్చి, బూజు దులుపుకుని, మూడు రోజులుండి వెళ్ళిపోతే తక్కిన ఏడాదంతా ఇల్లు ఒంటరిదే. పెంకు నేయించాలి, చెదలు చూడాలి, పెరట్లో తుప్పలు కొట్టించాలి. ఖర్చు ఆగదు, రాబడి లేదు. టేకు ధర మాత్రం కళ్ళెదుట కనిపిస్తూ ఉంటుంది.

ఈ కథనం రెండో లెక్క గురించి. అదే ఇంట్లో నాలుగైదు గదులు బాగుచేసి, సెలవులకు వచ్చే కుటుంబాలకు ఇచ్చి, ఆ డబ్బుతోనే ఇంటిని నిలబెట్టుకునే లెక్క. ఇది ఊహ కాదు. కారైక్కుడిలో జరిగింది, రాజస్థాన్‌లో జరిగింది, బ్రిటన్‌లో అరవై ఏళ్ళుగా జరుగుతోంది. మన గోదావరి జిల్లాల్లోనూ కొందరు మొదలుపెట్టారు. అయితే బాగుచేయడమంటే ఏమిటో తెలియకుండా చేతులు పెడితే, లారీ చేసే పనిని మనమే నెమ్మదిగా చేసినట్టవుతుంది.

కాలువ నీళ్ళు తెచ్చిన టేకు

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర తవ్వించిన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడంతో ఆగలేదు, పడవలకూ దారిచ్చాయి. అంతకుముందు వరదకీ కరువుకీ మధ్య నలిగిన నేల వరి గాదెలు నింపింది. కొబ్బరి పెరిగింది. చేతిలో డబ్బు ఆడిన రైతు ముందుగా కట్టుకున్నది ఇల్లే.

కలప సముద్రం మీదుగా వచ్చింది. కాకినాడ, కోరంగి రేవులకు రంగూన్‌తో రాకపోకలు ఎంతగా ఉండేవంటే, ఇక్కడినుంచి కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. వాళ్ళు వెళ్ళిన సముద్రం మీదే బర్మా టేకు ఇటు వచ్చింది. రేవులో దిగిన దుంగ కాలువ పడవెక్కి ఊరి రేవు దాకా చేరేది. పెంకు సంగతి మరోటి. నాటు గూనపెంకు మన కుమ్మరులు చేసిందే. 1865లో మంగళూరు దగ్గర జెప్పులో బాసెల్ మిషన్ వాళ్ళు యంత్రాలతో పెంకుల కర్మాగారం పెట్టాక, ఒకదానిలో ఒకటి కొక్కెంలా దిగే చదును పెంకు దక్షిణాదంతా పాకింది. మన పల్లెల్లో దాన్ని బెంగుళూరు పెంకు అంటారు.

ఈ సరుకంతటితో కట్టిన ఇంటి నడిబొడ్డున మనవాళ్ళు పెట్టింది మాత్రం ఖాళీ జాగా. అదే మండువా. నాలుగువైపుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాన కురిస్తే నాలుగు చూరుల నుంచీ నీళ్ళు మధ్యలోకి దూకుతాయి. ఇత్తడి గంగాళాలు పెట్టి ఆ నీళ్ళు పట్టుకున్న ఇళ్ళున్నాయి. మిగిలినవి తూములోంచి బయటికి పోతాయి. ఎండాకాలంలో లోపలి వేడిగాలి ఆ సందులోంచి పైకి లేస్తుంది, వీధి గుమ్మం నుంచీ పెరటి గుమ్మం నుంచీ చల్లగాలిని లోపలికి లాక్కుంటుంది. వీధిలో నిలబడితే వరసగా గుమ్మాలన్నీ దాటి పెరట్లో తులసికోట కనిపించేలా కట్టింది చూపుకోసమే కాదు, ఆ గాలి దారి కోసం కూడా. వెలుగు, గాలి, నీరు, మనుషుల కలయిక అన్నీ అక్కడే. చుట్టూ వసారాలో మంచాలు వేసుకుని పడుకున్నవాళ్ళకు ఇది నేను చెప్పక్కర్లేదు.

ఒక సంగతి దాచకూడదు. ఈ ఇళ్ళు అందరివీ కావు. ఎవరు అరుగు దాకా రావాలి, ఎవరు వసారా దాకా, ఎవరు పెరటి దారినే రావాలి అన్న గీతలు ఈ గడపల మీదే గీసి ఉండేవి. దూలాలు మోసినవాళ్ళు, సున్నం తొక్కినవాళ్ళు ఆ మండువాలో ఏనాడూ కూర్చోలేదు. అదే ఇల్లు ఈరోజు విడిదిగా మారితే గది తీసుకున్న ఎవరైనా నేరుగా వీధి గుమ్మంలోంచి నడిచి వెళ్ళి మండువాలో కూర్చుంటారు. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా కోరుకోవడానికి అది కూడా ఒక కారణం. పేరు విని, కులం ఆరాతీసి గది ఇచ్చే చోట ఎంత టేకు ఉన్నా ఆ ఇల్లు బాగుపడ్డట్టు కాదు.

కాపలాదారు ఇంటితో మొదలైన కథ

బ్రిటన్‌లో 1965లో జాన్ స్మిత్, క్రిస్టియన్ స్మిత్ దంపతులు లాండ్‌మార్క్ ట్రస్ట్ అనే సంస్థ పెట్టారు. కోటలనూ రాజభవనాలనూ చూసుకోవడానికి అక్కడ ఎవరో ఒకరున్నారు. చిన్న చిన్న పాత ఇళ్ళకే దిక్కులేదు. వాటిని బాగుచేసి, సెలవులకు అద్దెకిచ్చి, ఆ అద్దెతో మరమ్మతు ఖర్చు వెళ్ళదీయాలన్నది వాళ్ళ ఆలోచన. మొదట చేతికి తీసుకున్నవాటిలో ఒకటి వేల్స్‌లో ఒక పల్లెటూరి చర్చి పక్కనున్న కాటేజీ. చర్చిని చూసుకునే మనిషి కోసం కట్టిన చిన్న ఇల్లది. తర్వాతి కాలంలో ఆ చర్చినే కూల్చేశారు. కాపలాదారు ఇల్లు నిలిచింది, అందులో అతిథులున్నారు కాబట్టి.

ఈరోజు ఆ సంస్థ చేతిలో దాదాపు 200 కట్టడాలున్నాయి. వాటిలో టీవీ ఉండదు, వైఫై ఉండదు. ఒక అరలో ఆ ఇంటికీ ఆ ప్రాంతానికీ సంబంధించిన పుస్తకాలుంటాయి. ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంటుంది. బసచేసినవాళ్ళు అందులో తమ రోజులు రాసి వెళ్తారు, తర్వాత వచ్చినవాళ్ళు చదువుకుంటారు. అతిథి అడిగాడని ఇంటిని హోటలుగా మార్చకుండా, ఇల్లు ఎలా ఉందో అలా ఉండటానికి ఇష్టపడే అతిథినే పిలవడం వాళ్ళ పద్ధతి.

వాళ్ళు చేసిన పనుల్లో మనకు బాగా పనికొచ్చేది వేల్స్ కొండల్లో లుయిన్ కెలిన్ అనే రైతు ఇల్లు. కలప వలయాలను పరీక్షించి అది 1420లో కట్టిందని తేల్చారు. కప్పు కూలిపోకుండా ముందు తాత్కాలికంగా పైన పందిరిలా కప్పు వేసి, ఏళ్ళ తరబడి నిధులు కూడగట్టి, 2018లో అతిథులకు తెరిచారు. కొండవాలు మీంచి దిగివచ్చే నీటిని ఇంటి వైపు రాకుండా మళ్ళించడం అక్కడ పెద్ద పని. గోడలకు సున్నమే పూశారు. మన డెల్టాలోనూ సమస్య నీరే, మందు కూడా సున్నమే. ఆ సంగతికి వస్తాను.

ఇక మన దేశంలో. రాజస్థాన్‌లోని నీమ్రాణా కోటను అమన్‌నాథ్, ఫ్రాన్సిస్ వాక్జియార్గ్ 1986లో తీసుకుని, 1991లో కేవలం 12 గదులతో తెరిచారు. వచ్చిన డబ్బుతో తర్వాతి భాగం, దానితో ఇంకో భాగం. మొత్తం ఒకేసారి చేయాలని కూర్చుంటే అది ఈనాటికీ శిథిలంగానే ఉండేది. తమిళనాడులోని చెట్టినాడులో రెండు దారులూ ఒకే పట్టణంలో కనిపిస్తాయి. కారైక్కుడిలో ఒక వీధంతా పడగొట్టిన ఇళ్ళ తలుపులు, స్తంభాలు, గిన్నెలు అమ్మే కొట్లు. అదే ఊరి చుట్టుపక్కల నగరత్తార్ అనే చెట్టియార్ వర్తకుల పాత ఇళ్ళు కొన్ని విడిదులై, అక్కడి భోజనం కోసమే దూరాల నుంచి వచ్చే అతిథులతో కళకళలాడుతున్నాయి. నేలకు పరిచే ఆత్తంగుడి పలకలు చేసే కుటుంబాలకు ఆ ఇళ్ళ మరమ్మతులతో పని దొరుకుతోంది.

హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో తాజ్ హోటలుగా తెరుచుకుంది. అది రాజభవనం, పెద్ద కంపెనీ పని. మన మండువాకు దారి చూపేది నీమ్రాణా ఓపిక, ఆ వేల్స్ కాటేజీ కథే.

ముందు ఒక వానాకాలం చూడండి

పని మొదలుపెట్టగానే వినబడే మొదటి మాట తెలిసిందే. "ఎందుకండీ ఈ పాత పెంకులు, పీకేసి స్లాబు పోసేద్దామండి. నాలుగు కాలాలు పడుంటదండి, ఆయ్." చెప్పే మేస్త్రి మంచివాడే, మన మంచికోసమే చెబుతున్నాడు. స్లాబు నేర్చుకున్న చేతులకు స్లాబే మార్గం. అందుకని మొదటి పని మేస్త్రిని పిలవడం కాదు. ఒక వానాకాలం ఇంట్లో గడపడమో, గడిపే మనిషిని పెట్టడమో చేయాలి. ఎక్కడ కారుతోంది, ఏ గోడ ఎంత ఎత్తుదాకా చెమ్మగిల్లుతోంది, తూము ఎటు పారుతోంది, ఏ మూల చెద పుట్ట లేస్తోంది, అన్నీ సుద్దతో గోడమీదే గుర్తుపెట్టి ఫొటోలు తీయాలి. ఎండాకాలంలో చూసి వేసిన అంచనా వానాకాలంలో నిలవదు.

ఇల్లు ఎలా పడిపోతుందో చూస్తే క్రమం తెలుస్తుంది. కోతి దూకో, కొబ్బరికాయ పడో ఒక పెంకు జారుతుంది. దానికింద రీపరు నానుతుంది, పుచ్చుతుంది. రీపరు వంగితే చుట్టూ ఉన్న పెంకులు జారతాయి. నీరు వాసం వెంట దిగి గోడ నెత్తికి చేరుతుంది. మట్టిగోడయితే అక్కడే కరగడం మొదలు. తడిసిన కలపకు చెద వస్తుంది. ఒక్క పెంకు నిలబెట్టుకోలేక దూలం పోగొట్టుకున్న ఇళ్ళు ఎన్నో. కాబట్టి డబ్బు కొంచెమే ఉంటే అది మొత్తం పైకప్పుకే. గదులు, మంచాలు, రంగులు ఆ తర్వాత.

మండువా ఇంటి కప్పులో అన్నిటికంటే బలహీనమైన చోటు లోపలి నాలుగు మూలలు. రెండు వాలులు కలిసే ఆ మూల వెంట నీళ్ళన్నీ ఒక్కచోటికి చేరి ఉరుకుతాయి. అక్కడి రేకు తుప్పుపట్టి చిల్లులు పడితే కిందనున్న మూలవాసం కళ్ళబడకుండా పుచ్చిపోతుంది. పెంకులు దించినప్పుడే ఈ నాలుగింటినీ విప్పి చూడాలి. పాత పెంకులన్నీ పారేయకండి. ఒక్కొక్కటీ వేలితో కొడితే గట్టిది గణగణమంటుంది, చిట్లినది బొంగురుగా మోగుతుంది. మంచివి వీధివైపు కప్పుకు పోగుచేసి, తక్కువైనవి పడగొట్టిన ఇళ్ళనుంచి తెచ్చుకోవచ్చు.

తుపాను సంగతి మరవకూడదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపానుకు పెంకులు ఎలా లేచిపోయాయో ఆ తరం వాళ్ళు ఇంకా చెబుతారు. చూరు వెంట మొదటి రెండు మూడు వరసల పెంకులనూ, కొప్పు పెంకులనూ తీగతో రీపర్లకు కట్టించడం, వాసాలను గోడమీది దూలానికి ఇనప పట్టీలతో బిగించడం పాతదనానికి ఏ లోటూ చేయదు. కింద నిలబడి చూస్తే కనబడదు కూడా.

కలప విషయంలో సుత్తితో తట్టి వినే వడ్రంగి కావాలి. స్తంభం పైనంతా గట్టిగా ఉండి, రాతి దిమ్మె మీద ఆనే అడుగున జానెడు మేర పుచ్చి ఉంటుంది. అంతమాత్రానికి స్తంభం మార్చేయక్కర్లేదు. పుచ్చినంత కోసి, అదే జాతి పాత కలపతో వాలుగా అతుకు వేసి బిగిస్తే ఇంకో తరం మోస్తుంది. ఆ అతుకు కనిపిస్తుంది. కనిపించనీయండి. 1877లో విలియం మోరిస్ లండన్‌లో పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టినప్పుడు గట్టిగా చెప్పింది ఇదే: బాగుచేయండి గానీ, పాతదాని వేషం వేయకండి. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే మన ఇంటాక్ సంస్థ 2004లో చేసుకున్న నియమావళి దీనికి మన దేశపు చేర్పు ఒకటి చేసింది. తరతరాల పనితనం ఇంకా బతికున్న చోట ఆ పనివాళ్ళను పిలిచి, వాళ్ళ పద్ధతిలోనే జీర్ణోద్ధరణ చేయించడమూ సరైన దారే అంది. వడ్రంగికి పని దొరికితే ఆ విద్య కూడా ఇంటితోపాటు నిలుస్తుంది.

సిమెంటు చేసే చేటు

డెల్టాలో నాలుగు చోట్ల తవ్వితే నాలుగు చోట్లా నీళ్ళు దగ్గరే. ఆ చెమ్మ పునాదిలోంచి గోడలోకి పాకుతుంది. ఆపలేం. పాతవాళ్ళు ఆపే ప్రయత్నం కూడా చేయలేదు. అరుగు ఎత్తుగా కట్టి, గోడకు గానుగ సున్నం పూశారు. సున్నపు పూత గోడలోని తడిని బయటికి వదిలేస్తుంది. పొద్దున ఎక్కిన చెమ్మ మధ్యాహ్నం ఎండకు ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూస్తే ఏమవుతుంది? తడి బయటికి రాలేదు, దారి వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది. మోకాలెత్తున ఉన్న చెమ్మ నడుమెత్తుకు వస్తుంది. లోపల ఉప్పు పేరుకుంటుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. యజమాని మళ్ళీ సిమెంటే పూయిస్తాడు. పైన ప్లాస్టిక్ రంగు వేయిస్తాడు. మట్టిగోడ లోలోపల మెత్తబడుతూ ఉంటుంది. పాత ఇళ్ళను కూల్చినవాటిలో కాలం కంటే ఈ మరమ్మతులదే పెద్ద వాటా అని నా నమ్మకం.

గుల్ల సున్నమైనా, రాతి సున్నమైనా తడిపి వారాల తరబడి నాననివ్వాలి. ఇసుకతో కలిపి గానుగలో నూరాలి. బెల్లం నీళ్ళు, కరక్కాయ ఊట కలిపే పద్ధతి మన దగ్గర ఉండేది. పూశాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా రాయిగా మారుతుంది. ఆ నిదానాన్ని భరించలేనివాళ్ళు ఈ పనికి దిగకపోవడమే మంచిది. రెండు నెలల్లో గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని సున్నం పని చేయించలేం. సున్నం తెలిసిన తాపీమేస్త్రులు తగ్గిపోయారు కాబట్టి పాత గుళ్ళ మరమ్మతుల్లో పనిచేసినవాళ్ళను వెతికి పట్టుకోవాలి. వాళ్ళ పక్కన ఊరి కుర్రాళ్ళను ఇద్దరిని పెట్టండి.

చెమ్మ పెరగడానికి ఇంకో కారణం ఇంటి బయట ఉంటుంది. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు. అలా వీధి ఎత్తు పెరిగి పెరిగి, ఒకప్పుడు నాలుగు మెట్లెక్కాల్సిన అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానమైంది. మండువా తూము వీధి కాలువకంటే కిందికి దిగిపోయింది. వాన నీళ్ళు బయటికి పోవడం మానేసి వీధి నీళ్ళే లోపలికి వస్తాయి. దీనికి విరుగుడు ఇంటినేల ఎత్తు చేయడం కాదు. అలా చేస్తే స్తంభాల అందం, గుమ్మాల ఎత్తు అన్నీ పోతాయి. తూమును పెరటివైపు మళ్ళించి, కొబ్బరిచెట్ల పాదులకో, చెరువుకో వదలాలి. ఎంత ఖర్చయినా గదుల పని కంటే ముందు ఇది జరగాలి.

స్నానాలగది ఎక్కడ?

అతిథి అడిగేది గదికి ఆనుకుని స్నానాలగది. అది న్యాయమైన కోరికే. చిన్నపిల్లలతోనో, ముసలి తల్లిదండ్రులతోనో వచ్చినవాళ్ళను అర్ధరాత్రి పెరట్లోకి పంపలేం. కానీ ఇలాంటి ఇళ్ళలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. ఉన్న గదినే రెండుగా కోసి, పాత గోడకు పలకలు అతికించి, గోడను చీల్చి గొట్టాలు దూరుస్తారు. ఒక గొట్టం కారితే మట్టిగోడకు రోజూ వానే.

దీనికంటే మంచి దారులున్నాయి. వెనకవైపు కొట్టుగదులు, వడ్లగది, వంటిల్లు వసారా లాంటివి స్నానాలగదులుగా మార్చుకోవచ్చు. అవి చాలకపోతే పెరటివైపు కొత్తగా చిన్న కట్టడం కట్టి, కప్పున్న నడవతో గదికి కలపాలి. కొత్తది కొత్తదిగానే ఉండనివ్వండి, సిమెంటుతోనే కట్టండి, పాత గోడకు ఆనుకోకుండా. గొట్టాలన్నీ గోడ బయటే నడిపిస్తే కారినప్పుడు కంటపడుతుంది. మరుగుదొడ్డి ట్యాంకు డెల్టాలో ఊరికే గుంట తీసి వదిలేసేది కాదు. నీరు పైనే ఉంటుంది కాబట్టి మురుగు నేరుగా నూతిలోకి చేరుతుంది. నాలుగువైపులా, అడుగునా బిగించిన ట్యాంకు, నూతికీ బోరుకూ వీలైనంత దూరంగా ఉండాలి.

కరెంటు మీద కనికరం చూపకండి. చెక్క బద్దీల మీద నడిచే పాత వైరింగు మొత్తం తీసేయాల్సిందే. ఎండిన టేకు, పైన పెంకు, మధ్యలో మాడిన వైరు అంటే నిప్పుకు పిలుపే. కొత్త వైర్లు గోడ చీల్చకుండా పైపైనే గొట్టాల్లో నడపవచ్చు. ఎర్తు సరిగా ఉండాలి, ప్రతి గదికీ వేరే బ్రేకరు ఉండాలి. ఏసీ అన్ని గదులకూ కుదరదు. పెంకు సందుల్లోంచి చల్లదనం పోతూనే ఉంటుంది. చెక్క అటక ఉన్న ఒకటి రెండు గదులకు పెట్టి, తక్కినవాటిని మండువా గాలికి వదిలేయండి.

దోమలకు పందిరి మంచం, దోమతెర కంటే మంచి ఉపాయం ఇంకా రాలేదు. తెరలకు నరసాపురం లేసు, తువ్వాళ్ళకు బండారులంక చేనేత దొరికే చోట ఉండి ఊరుపేరు లేని పాలియెస్టర్ కొనడం నాకు బాధగా ఉంటుంది.

ఇక మండువా. వానజల్లు పడుతోందనీ, పిట్టలు రెట్ట వేస్తున్నాయనీ, దొంగలనీ చెప్పి దానిమీద ఫైబరు రేకు కప్పేస్తున్నారు. కొందరు అద్దం వేసి అక్కడే రిసెప్షను బల్ల పెడుతున్నారు. రేకు వేసిన రోజునుంచీ వేడి లోపలే ఉంటుంది, చెమ్మ లోపలే ఉంటుంది, కలప పుచ్చడం మొదలవుతుంది. గదులకు ఏసీలు పెట్టాల్సి వస్తుంది. వానలో నాలుగు చూరుల నీళ్ళు దూకడం చూద్దామనే కదా ఆ కుటుంబం అంత దూరం వచ్చింది? దొంగల భయానికి పాతవాళ్ళు వేసుకున్నట్టు ఇనప ఊచలు వేసుకోండి. జల్లుకు వెదురు చాపలు దించుకోండి. వర్షంలో రాళ్ళు జారతాయి కాబట్టి గరుకు రాయి వేయించండి. ఆకాశాన్ని మాత్రం మూయకండి.

వాటాలు, అనుమతులు, వంట

పని కంటే కష్టమైనది సంతకాలు. పాత ఇల్లంటే నలుగురైదుగురు వారసులు, వాళ్ళ పిల్లలు. ఒకరికి అమ్మాలని, ఒకరికి ఉంచాలని. చివరికి మండువా నడుమ గోడ లేచి, సగం ఇల్లు పడిపోయి, సగం వేలాడుతున్న దృశ్యాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. పంచకుండా, ఇంటిని ఉమ్మడిగానే ఉంచి, ఒకరికి నడిపే బాధ్యత ఇచ్చి, కొన్నేళ్ళపాటు రాబడిలో మొదటి భాగం మరమ్మతులకే పోవాలని కాగితం మీద రాసుకోవడం మేలు. ఒప్పందం వకీలు చేత రాయించి రిజిస్టరు చేయించుకోవాలి. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకన్న మొహమాటం ఇళ్ళను నిలబెట్టలేదు. ఆడపిల్లల వాటాను మరిచిపోయి మొదలుపెట్టిన పని కోర్టులో ఆగిపోతుంది.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం కింద గుర్తింపు పొందాలంటే ఒకటి నుంచి ఆరు గదులు, మొత్తం 12 పడకలకు మించకూడదు. యజమాని కుటుంబం ఆ ఇంట్లో నివసిస్తూ ఉండాలి. సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులున్నాయి. ఎవరూ ఉండని ఇంటికి ఈ దారి కుదరదు. 1950కి ముందు కట్టిన ఇల్లయి, కనీసం ఐదు గదులు ఇవ్వగలిగితే హెరిటేజ్ హోటల్ గుర్తింపు కోరవచ్చు, దాని నిబంధనలు ఎక్కువ. భోజనం పెడితే ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు కావాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న అతిథి వస్తే 24 గంటల్లో ఆ వివరాలు అధికారులకు పంపాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువులు డబ్బిచ్చి దిగినా ఈ నియమం మరవకూడదు.

సంక్రాంతికి గదులు నిండటం గొప్ప కాదు. ఆ మూడు రోజులూ భీమవరం నుంచి అమలాపురం దాకా గోడౌను కూడా దొరకదు. ఇల్లు నిలిచేది మిగతా నెలల్లో. మాఘంలో అంతర్వేది కల్యాణం, వాడపల్లిలో ఏడు శనివారాల మొక్కు, అయినవిల్లి, ద్రాక్షారామం. వరదనీరు ఎర్రగా దిగే రోజుల్లో పులస. ఎండాకాలంలో ముంజలు, పనసపొట్టు కూర. ఆత్రేయపురంలో పూతరేకు తీసే ఆడవాళ్ళ దగ్గర పూటంతా కూర్చోవచ్చు. 2023లో ఆ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అతిథికి రోజంతా చెప్పుకోవడానికి, చూడ్డానికి ఇంత ఉన్నప్పుడు స్విమ్మింగ్ పూల్ తవ్వక్కర్లేదు.

వంటకు నగరం నుంచి చెఫ్‌ను తెచ్చుకోకండి. ఊళ్ళో పెళ్ళిళ్ళకు వండే చేతులకు నెల జీతం ఇవ్వండి. తోట చూసేవాళ్ళు, గదులు సర్దేవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు ఊరివాళ్ళే కావాలి. కప్పు మీద పెంకు జారిందని ఫోను చేసేది వాళ్ళే. బర్మా టేకు మోసిన కూలీల మునిమనవలు ఇప్పుడు ఆ ఇంట్లో జీతం తీసుకునే మనుషులుగా, మండువాలో కుర్చీ వేసుకుని కూర్చునే మనుషులుగా ఉండాలని నా కోరిక.

అన్ని ఇళ్ళూ ఇలా నిలవవు. గోడలు జారిపోయినవి, దారి లేనివి, వారసులు కలవనివి పోతాయి. అన్నిటినీ విడిదులు చేస్తే అన్ని ఇళ్ళకూ అతిథులు దొరకరు కూడా. కానీ ఊరికి ఒకటి నిలిచినా సున్నం పని, అతుకు పని, పెంకు నేత తెలిసిన మనుషులు మిగులుతారు.

మీకు అటువంటి ఇల్లు ఉంటే, ఈ వేసవి సెలవుల్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ ఒకసారి వెళ్ళండి. అమ్మాలా, ఉంచాలా, గదులు ఇవ్వాలా అన్న మాటలు తెగడానికి నెలలు పట్టవచ్చు. తొలకరి అన్నాళ్ళు ఆగదు. ముందు తలా కొంత వేసుకుని, జూన్ వానలు మొదలయ్యేలోపు పైకప్పు నేయించండి.